ఎడిసన్ గెస్ట్ హౌస్‌లో జార్జ్ లూకాస్

జార్జ్ లూకాస్ ఇన్ లవ్ అని ఒక బుల్లి సినిమా ఉంది, 1999లో వచ్చింది, పట్టుమని పది నిమిషాలు కూడా ఉండదు. అంతరిక్షంలో యుద్ధాల సిరీస్ స్టార్ వార్స్ ఉంది కదా, ఆ కథ అసలు దాన్ని తీసిన లూకాస్‌కి ఎలా తట్టి ఉంటుందా అని ఊహించి ఫుల్లు కామెడీగా తీశారు. మొన్నెక్కడో ఫ్రెండ్స్ మధ్య స్టార్ వార్స్ మీద పెద్ద చర్చే జరిగింది గానీ ఒక్కళ్లు కూడా దీని ఊసెత్తలేదు, నాకేమో ఆ సిరీస్ పేరు చెప్తే ముందు గుర్తొచ్చేది ఇదే, అసలు సినిమాలు తర్వాతే. ఎందుకంటే మేం చూసిన వరసే అలాంటిది.

వైటూకే టైమ్‌లో అమెరికా వెళ్లినవాళ్లకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెప్తున్నా. 2000 సంవత్సరం రాగానే తారీఖులు తికమకపడి కంప్యూటర్లు ఆగిపోతాయని భయం, అదే వైటూకే. 1999 డిసెంబర్ దాకా కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో ఏబీసీడీలు వచ్చినా చాలు విమానం ఎక్కించారు, జనవరి ఒకటో తారీఖు వచ్చింది, ప్రపంచం ఏమీ మునగలేదు, కంప్యూటర్లన్నీ బానే పనిచేశాయి, ఇక మాతో పనేముంది. ప్రాజెక్టులు అయిపోయినవాళ్లం, అసలు ప్రాజెక్టే దొరకనివాళ్లం అందరం బెంచ్ మీద. న్యూజెర్సీ ఎడిసన్‌లో కన్సల్టెన్సీ వాడి గెస్ట్ హౌస్. పేరుకే గెస్ట్ హౌస్, రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌లో ఎవడు ఎప్పుడొచ్చాడో ఎవడు ఎప్పుడెళ్లాడో తెలీనంత మంది, హాల్లో పరుపులు, పరుపుల మధ్య సూట్‌కేసులు, ఆ సూట్‌కేసుల మీద ఇంటినుంచి తెచ్చుకున్న ఆవకాయ జాడీలు. కారు లేదు, బయట మంచు, ఓక్ ట్రీ రోడ్ దాకా నడిచి కూరలు తెచ్చుకోవడం, వండుకోవడం, రెజ్యూమే మార్చుకోవడం, మళ్లీ వండుకోవడం.

మాలో పెద్దాయన కాకినాడ అన్నయ్య. పెద్దాయనంటే ముప్ఫై దాటాయేమో అంతే, కానీ మేమంతా పాతిక లోపు, అందుకని ఆయనకి ఆటోమేటిగ్గా పెద్దరికం వచ్చేసింది. ఇంగ్లీష్ సినిమాల పిచ్చి ఆయనకి. హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో సికింద్రాబాద్ సంగీత్ థియేటర్‌కి ఎంత వెళ్లేవాడో, క్లాసులకి ఎంత వెళ్లేవాడో ఆయనే చెప్పి నవ్వేవాడు. తర్వాత గుంటూరు బావ, ఈయన ఎవరికీ బావ కాదు, అందరినీ బావా అంటాడు కాబట్టి అందరికీ బావ అయ్యాడు. ఇంకో తమ్ముడు వరంగల్ నుంచి, అందరికంటే చిన్నోడు, నెమ్మదస్తుడు, స్టార్ వార్స్ కాదు కదా, సబ్‌టైటిల్స్ లేకుండా ఒక్క ఇంగ్లీష్ సినిమా కూడా పూర్తిగా చూసినోడు కాదు.

ఒక రాత్రి అన్నయ్య ఎవరో పంపిన లింక్ పట్టుకుని హడావిడి చేశాడు, రండ్రా రండి ఇది చూడాల్సిందే అని. యూట్యూబ్ పుట్టడానికి ఇంకా ఐదేళ్లుంది. నెట్‌లో వీడియో చూడ్డమంటే రియల్ ప్లేయర్‌లో పోస్టల్ స్టాంప్ అంత కిటికీ, అందులో మనుషులు గళ్లుగళ్లుగా కదుల్తుంటారు, కింద బఫరింగ్ అని పర్సెంట్లు ఎక్కుతూ ఉంటాయి. ఆ మోడెమ్‌కీ ఫోన్‌కీ ఒకటే లైను. ఎవడైనా కాలింగ్ కార్డ్ గీకి ఇంటికి ఫోన్ చేద్దామని రిసీవర్ ఎత్తాడా, కథ మళ్లీ మొదటికొస్తుంది. అందుకని బావని ఫోన్ దగ్గర కాపలా కూర్చోబెట్టారు, ఆయన అక్కడినుంచే మెడ చాచి చూడ్డం, ఏమైంది బావా ఏమైంది అని అడగడం.

సినిమా ఏంటంటే, 1967, కాలిఫోర్నియాలో యూఎస్‌సీ అనే యూనివర్సిటీ ఫిల్మ్ స్కూల్. కుర్ర లూకాస్ స్క్రిప్ట్ రాయాలి, బుర్రలోకి ఏమీ రావట్లేదు. అంతరిక్షంలో వ్యవసాయం చేసే ఒక కుర్రాడి కథ మొదలెట్టాడు, ఆ కథలో పెద్ద కష్టమేంటంటే పంట సరిగ్గా పండట్లేదు! ఇక్కడే బావ పడీపడీ నవ్వాడు, మా ఊళ్లో మిర్చి రైతుని తీసుకెళ్లి చంద్రమండలం మీద పెట్టినట్టుందే అని. అసలు జోకు ఏంటంటే లూకాస్ చుట్టూ ఉన్నవాళ్లంతా ఆల్రెడీ స్టార్ వార్స్ మనుషులే. నల్లబట్టలేసుకున్న ఒక పోటీదారు ఇన్‌హేలర్ పట్టుకుని అచ్చం విలన్ డార్త్ వేడర్‌లాగా బుస్సూ బుస్సూ అని ఊపిరి తీస్తుంటాడు, ప్రొఫెసర్ ఆ సిరీస్‌లోని పొట్టి ముసలి గురువు యోడాలాగా మాట్లాడతాడు, కారు బాగుచేసే మెకానిక్ చ్యూబాకాలాగా ఒళ్లంతా జుట్టుతో నిలువెత్తు మనిషి. వీళ్లందరి మధ్యే తిరుగుతూ, వీళ్లతోనే మాట్లాడుతూ, అయ్యో నాకు ఐడియా రావట్లేదే అని జుట్టు పీక్కుంటుంటాడు పాపం. ఆఖరికి స్టార్ వార్స్ హీరోయిన్ లెయాలాగా అటొకటి ఇటొకటి చెవుల మీద జడచుట్లు చుట్టుకున్న ఒక అమ్మాయి కనపడుతుంది, కాలేజీలో తిరుగుబాటు నడిపిస్తుంటుంది, ఆ పిల్లని చూశాక గానీ బాబుకి బల్బు వెలగదు.

1999 మార్చిలో షేక్‌స్పియర్ ఇన్ లవ్‌కి బెస్ట్ పిక్చర్ ఆస్కార్ వచ్చింది, మేలో కొత్త స్టార్ వార్స్ సినిమా ఫాంటమ్ మెనేస్ రిలీజ్ అయింది, ఊరంతా స్టార్ వార్స్ జ్వరం. ఈ రెండిట్నీ కలిపి కొట్టాడు డైరెక్టర్ జో నుస్‌బామ్, ఆయన కూడా అదే యూఎస్‌సీలో చదివినవాడే. మ్యూజిక్ కూడా అచ్చం షేక్‌స్పియర్ సినిమాలో లాగే పెట్టారు, ఒక కుర్రాడు టైప్‌రైటర్ ముందు కూర్చుని పేపర్లు నలిపి పారేస్తుంటే వెనక ఆ బిల్డప్పు.

మా దగ్గర ఏం జరిగిందంటే, సరిగ్గా ఆ ఇన్‌హేలర్ వాడు ఊపిరి పీల్చే ముక్క దగ్గర బఫరింగ్ మొదలైంది. బుస్... ఆగింది. ముప్ఫై పర్సెంట్. బుస్... మళ్లీ ఆగింది. మా కంప్యూటర్ స్పీకర్లు కూడా డొక్కువి, ఆ శబ్దం గదంతా గరగరా వచ్చింది, అన్నయ్య నవ్వలేక కడుపు పట్టుకుని పరుపు మీద పడిపోయాడు. వరంగల్ తమ్ముడు మాత్రం సీరియస్‌గా స్క్రీన్ వైపు చూస్తా, "ఏందన్నా, ఆ పిలగానికి ఆయాసముందా? దానికెందుకు నవ్వుతున్రు?" అన్నాడు. అంతే, ఇంకో రౌండ్ నవ్వులు.

అన్నయ్యకి గురువు పూనాడు. కూర్చోబెట్టి డార్త్ వేడర్ అంటే ఎవరు, వాడి కొడుకైన హీరో ల్యూక్ ఎవరు, ఆ ఊపిరి ఎందుకలా ఉంటుంది, ఫోర్స్ అంటే ఏంటి అన్నీ చెప్పడం మొదలెట్టాడు. తమ్ముడు ఓపిగ్గా విని, "తండ్రని తెల్వకుండనే కొట్లాడిండా? గిది మన బబ్రువాహనుని కథ కాదానె?" అన్నాడు. ఇది నిజంగా మంచి పాయింటే, కాకపోతే అన్నయ్య ఒప్పుకోలేదు, ఆయనకి అర్జునుడు నల్ల హెల్మెట్ పెట్టుకోవడం నచ్చలేదనుకుంటా.

ఆ వీకెండ్ బ్లాక్‌బస్టర్ అనే వీడియో షాపు నుంచి పాత స్టార్ వార్స్ మూడు క్యాసెట్లూ అద్దెకి తెచ్చాడు అన్నయ్య, తమ్ముడికి చదువు చెప్పించాలని. ఇక్కడ అసలు తమాషా. 1977 సినిమా మొదట్లో పొగలోంచి వేడర్ వస్తాడు కదా, తెల్ల గోడల మధ్య ఆ నల్లటి మనిషి, ఆ ఊపిరి, థియేటర్లో జనం భయపడి చచ్చిన సీను అది. మా గెస్ట్ హౌస్‌లో తమ్ముడు ఆ ఊపిరి వినగానే కిసుక్కున నవ్వాడు. వాణ్ని చూసి నేను, నన్ను చూసి బావ. లెయా జడలు కనపడగానే "అగో, కాలేజీ పిల్ల!" అన్నాడు. చ్యూబాకా రాగానే "మెకానిక్ వచ్చిండు". అంటే వాడి లెక్కలో ముందు పుట్టింది ఆ పది నిమిషాల సినిమా, లూకాస్ తర్వాత దాన్ని పెద్ద ఖర్చుతో రీమేక్ చేశాడు. నాకూ అంతే అయిపోయింది నిజం చెప్పాలంటే. అంతకుముందు ఇంట్లో కేబుల్లో ముక్కలు ముక్కలుగా చూసిందేదో ఉంది గానీ మొత్తం చూసింది అప్పుడే, ఇప్పటికీ వేడర్ వస్తే నాకు ముందు కనపడేది ఆ బఫరింగ్ పర్సెంటే. అయినా ఆ సిరీసే తలకిందులు కదా, నాలుగో భాగంతో మొదలెట్టి ఇరవై రెండేళ్ల తర్వాత ఒకటో భాగం తీసినవాడి సినిమాని మేం వెనకనుంచి చూస్తే తప్పేంటి.

ఇంకో సంగతి. ఆ జడల అమ్మాయి ఎక్కడో చూసినట్టుందే అని బావ మూడ్రోజులు బుర్ర గోక్కున్నాడు. లీసా జాకబ్ అని, మిసెస్ డౌట్‌ఫైర్‌లో పెద్ద కూతురుగా చేసిన పిల్ల. కమల్‌హాసన్ ఆడవేషంలో భామనే సత్యభామనే చూశాం కదా, దానికి మూలం ఆ సినిమానే. ఆ ముక్క తెలిశాక బావ ఆ అమ్మాయిని మనింటి పిల్లలాగే మాట్లాడేవాడు, మన సత్యభామ కూతురు ఎంత ఎదిగిందిరా అని.

ఇక అక్కడినుంచి గెస్ట్ హౌస్‌లో అందరికీ క్యాస్టింగ్ అయిపోయింది. ఛాతీ మీద జుట్టు ఎక్కువున్న నెల్లూరు కుర్రాడొకడు ఉండేవాడు, వాడు చ్యూబాకా, బనీనుతో కిచెన్‌లోకి వస్తే చాలు అందరూ ఒకేసారి ఘుర్ర్‌మని అరిచేవాళ్లం. కన్సల్టెన్సీ ఓనర్ ఫోన్ చేస్తే స్పీకర్‌లో పెట్టి వెనకనుంచి ఎవడో బుస్సూ బుస్సూ అనేవాడు, ఆయన "లైన్‌లో ఏదో డిస్టర్బెన్స్ ఉందయ్యా" అనేవాడు. మూడు నెలల్నుంచి జీతం రాని కోపం అంతా ఆ ఊపిరిలో తీర్చుకున్నాం. కింద అపార్ట్‌మెంట్లో ఒక గుజరాతీ తాతగారు ఉండేవారు, పొట్టిగా, కర్ర పట్టుకుని, మమ్మల్ని చూసినప్పుడల్లా ఒకే ముక్క అడిగేవారు, జాబ్ వచ్చిందా అని. ఆయనే యోడా. ఆయనకి ఈ విషయం తెలీదు, తెలిసినా ఏమీ అనుకునేవారు కాదు, మంచి మనిషి.

అక్కడితో ఆగితే మనమెందుకవుతాం. మనం కూడా ఇలాంటిదొకటి తీయాలిరా అన్నాడు అన్నయ్య ఒక రాత్రి పెరుగన్నం తింటూ. మాయాబజార్ ఎలా పుట్టిందో తీద్దాం అన్నాడు. పింగళి నాగేంద్రరావు గారు మద్రాసులో ఏదో హోటల్లో కూర్చుని మాటల కోసం కొట్టుకుంటుంటారు, పక్క టేబుల్ దగ్గర సర్వర్ చేతిలో ప్లేటు జారి ఏదో తిట్టుకుంటే అందులోంచి గింబళి అనే మాట పుడుతుంది, లావుపాటి కస్టమరొకడు లడ్లన్నీ ఒక్కడే తినేస్తుంటాడు, ఎదురుగా ఇద్దరు గుమాస్తాలు తల ఊపుతూ తాన అంటే తందాన. పింగళి గారు ఇవేవీ చూడకుండా, నాకేం తోచట్లేదు కేవీ రెడ్డి గారూ అని దిగాలుగా ఇంటికెళ్లిపోతారు. ఆ రాత్రి దాని మీద రెండింటిదాకా కూర్చున్నాం. లడ్ల వాడి వేషం నాకిచ్చారు. కెమెరా లేదు, డబ్బుల్లేవు, తెల్లారి అన్నయ్యకి ఒహాయోలో ప్రాజెక్ట్ ఖాయమైందని ఫోనొచ్చింది, అంతటితో మా ప్రొడక్షన్ ఆగిపోయింది.

వాళ్లది మాత్రం ఆగలేదు. పాతిక వేల డాలర్ల చుట్టుపక్కల ఖర్చుతో తీశారని చదివాను, అప్పట్లో అది మాకు పెద్ద మొత్తమే గానీ హాలీవుడ్‌కి టీ ఖర్చు. నెట్‌లో పెడితే జనం ఎగబడ్డారు, తర్వాత క్యాసెట్‌గా అమెజాన్‌లో అమ్మితే ఒక దశలో ఫాంటమ్ మెనేస్ క్యాసెట్‌నే అమ్మకాల్లో దాటేసింది. అంటే లూకాస్‌ని ఆటపట్టించిన పది నిమిషాల సినిమా లూకాస్ అసలు సినిమాని కొట్టేసిందన్నమాట. ఆయన కూడా కోప్పడలేదు, బావుందని నుస్‌బామ్‌కి ఉత్తరం రాశాడు. ఆ దెబ్బతో నుస్‌బామ్‌కి పెద్ద స్టూడియోల తలుపులు తెరుచుకున్నాయి, 2004లో స్లీప్‌ఓవర్ అని ఫీచర్ ఫిల్మ్ తీశాడు. అది నేను చూశాను, దాని గురించి ఇక్కడ వద్దులెండి.

చాలా ఏళ్ల తర్వాత, ఉద్యోగం కుదురుకుని, పుస్తకాలు కొనుక్కునే స్తోమత వచ్చాక, అసలు స్టార్ వార్స్ నిజంగా ఎలా పుట్టిందా అని చదివాను. చదివితే తెలిసిందేంటంటే ఆ షార్ట్ ఫిల్మ్ మరీ అంత అబద్ధమేం కాదు! చ్యూబాకా నిజంగానే ఇంట్లోంచి వచ్చాడు. లూకాస్‌కి ఇండియానా అని పెద్ద మలమ్యూట్ కుక్క ఉండేది, కార్లో పక్క సీట్లో మనిషిలాగా నిటారుగా కూర్చునేదట, ఓడలో కో పైలట్‌గా జుట్టు మనిషిని కూర్చోబెట్టడం అక్కణ్నించే. ఆర్‌టూ డీటూ అన్న రోబో పేరు, లూకాస్ అంతకుముందు తీసిన అమెరికన్ గ్రఫీటీ సౌండ్ పని చేస్తుంటే ఎవరో రీల్ టూ డైలాగ్ టూ కావాలని పొట్టిగా అడిగితే చెవినపడింది. కుక్క కథ బావకి ఫోన్ చేసి చెప్తే, అయితే మెకానిక్ కంటే ఇదే బావుంది, వాళ్లు కుక్కని పెట్టాల్సింది అన్నాడు.

కాకపోతే బల్బు ఒక్కసారిగా వెలగలేదు. లూకాస్‌కి నిజానికి ఫ్లాష్ గార్డన్ అనే పాత అంతరిక్ష కామిక్ తీయాలని ఉండేది, హక్కులు దొరకలేదు, సరే నేనే ఒకటి రాసుకుంటా అని 1973లో మొదలెట్టాడు. జపాన్ డైరెక్టర్ కురొసావా తీసిన హిడెన్ ఫోర్ట్రెస్ ఛాయలు అందులో బాగా ఉన్నాయి. యునైటెడ్ ఆర్టిస్ట్స్ వాళ్లు వద్దన్నారు, యూనివర్సల్ వాళ్లు వద్దన్నారు, ఆఖరికి ఫాక్స్‌లో అలన్ లాడ్ జూనియర్ కథ పెద్దగా అర్థం కాకపోయినా మనిషిని నమ్మి సరేనన్నాడు. రాయడం, కొట్టేయడం, మళ్లీ రాయడం, మూడేళ్లు. 1974 డ్రాఫ్ట్‌లో హాన్ సోలో (సినిమాలో హారిసన్ ఫోర్డ్ వేసిన పాత్ర) ఏంటో తెలుసా, మొప్పలున్న ఆకుపచ్చ రాక్షసుడు! హారిసన్ ఫోర్డ్ ఎక్కడ, ఆ మొప్పలెక్కడ. ల్యూక్ ఇంటిపేరు షూటింగ్ మొదలయ్యేదాకా స్టార్‌కిల్లర్. 1977 మే 25న రిలీజ్ చేస్తే మొదటిరోజు ముప్ఫై రెండు థియేటర్లే. ఇంత సాగిలాగిన దాన్ని పది నిమిషాల సినిమాలో ఎవడు చూపిస్తాడు, పేపర్లు నలిపి పారేస్తే సరిపోయింది వాళ్లకి.

నాకు బాగా పట్టేసింది మాత్రం ఇంకొకటుంది. ఆ షార్ట్ ఫిల్మ్ 1967లో జరుగుతుంది, ఆ ఏడే లూకాస్‌కి ఒకమ్మాయి పరిచయమవుతుంది, కదా. నిజజీవితంలో కూడా సరిగ్గా ఆ 1967లోనే అయింది! వెర్నా ఫీల్డ్స్ అనే ఎడిటర్ దగ్గర (తర్వాత జాస్‌కి ఆస్కార్ కొట్టిందే, ఆవిడే) ప్రభుత్వ డాక్యుమెంటరీ ఫుటేజ్ కత్తిరించే పనికి వెళ్లాడు, అక్కడ మార్షా గ్రిఫిన్ అని ఇంకో అసిస్టెంట్. ఇద్దరూ మోడెస్టో అనే ఒకే ఊళ్లో పుట్టినవాళ్లే, పరిచయమైంది మాత్రం అక్కడ. 1969లో పెళ్లి. సినిమాలో అమ్మాయి జడలేసుకుని తిరుగుబాటు చేసి హీరోకి ఐడియా ఇచ్చి ఊరుకుంటుంది, మార్షా కూర్చుని పని చేసింది. ల్యూక్ గురువు ఓబీ వాన్‌ని సగంలోనే చంపేయమని సలహా ఇచ్చింది ఆవిడేనని లూకాసే చెప్పాడు. ఆఖర్న డెత్ స్టార్ అనే విలన్ల అంతరిక్ష కోట మీద యుద్ధం ఉంది చూశారూ, అది ఎడిటింగ్‌లో నిలబెట్టింది ప్రధానంగా ఆవిడ. ఆ ఏడు ఎడిటింగ్ ఆస్కార్ అందుకున్న ముగ్గురిలో మార్షా లూకాస్ ఒకరు. డైరెక్షన్‌కీ స్క్రీన్‌ప్లేకీ నామినేట్ అయి కూడా జార్జ్ ఖాళీ చేతుల్తో వచ్చాడు, రెండూ ఆనీ హాల్‌కి పోయాయి. 1983లో ఇద్దరూ విడిపోయారు, ఆ తర్వాత ఈ కథ చెప్పేవాళ్లు ఆవిడ పేరు మెల్లిగా తగ్గించేశారనిపిస్తుంది నాకు. కుక్క గురించి తెలిసినంత మందికి కూడా ఆవిడ గురించి తెలీదు.

ఇప్పుడు మా గెస్ట్ హౌస్ బ్యాచ్‌కి ఒక వాట్సాప్ గ్రూప్ ఉంది. ఏటా మే 4న, అంటే స్టార్ వార్స్ అభిమానుల పండగరోజున, అన్నయ్య ఆ షార్ట్ ఫిల్మ్ లింక్ పెడతాడు, ఇప్పుడది బఫరింగ్ లేకుండా నున్నగా నడుస్తుంది, అదే కాస్త వెలితి. పోయిన సారి నేను ఈ మార్షా సంగతంతా పెద్ద మెసేజ్ రాసి పెట్టాను, దీన్ని ఎవరైనా సినిమా తీస్తే ఎంత బావుంటుంది అని. అన్నయ్య ఒక బొటనవేలు పెట్టాడు. బావ మాత్రం రాత్రి పన్నెండింటికి ఫోన్ చేసి, "బావా, ఇద్దరు మనుషులు చీకటిగదిలో ఫిల్ము కత్తిరించుకుంటా కూర్చుంటే ఎవడు చూస్తాడు బావా, కామెడీ ఏది అందులో" అని గంటసేపు వాదించాడు. వరంగల్ తమ్ముడు ఇప్పుడు సియాటిల్‌లో పెద్ద పొజిషన్‌లో ఉన్నాడు, వాడి రిప్లై మర్నాడొచ్చింది, నాలుగు ముక్కలే: "ఆ లడ్ల సినిమా తీద్దామన్నా. పైసలు నేన్ పెడ్తా."

లడ్ల వాడి వేషానికి ఇప్పుడు నాకైతే మేకప్ కూడా అక్కర్లేదు.